ఆ సీసాలో ఉన్నది ఏమిటి?

అమీర్‌పేటలో కోచింగ్ కోసం వచ్చి హాస్టల్‌లో ఉంటున్న ఒక కుర్రాడిని ఓ వేసవి రాత్రి స్నేహితులు ఆటోలో మా క్యాజువాలిటీకి తీసుకువచ్చారు. చీకట్లో దాహమేసి, బాత్‌రూమ్ పక్కనున్న కూల్‌డ్రింక్ సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడట. "ఏం తాగాడు బాబూ?" అని అడిగితే "ఏదో మందు మేడమ్" అన్నారు. మన భాషలో ఇదొక చిక్కు. జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం తాగేదీ మందే, పొలంలో కొట్టేదీ మందే!

అదృష్టం కొద్దీ ఒకతను సీసా వెంట తెచ్చాడు. మూత తీయగానే ముక్కు మండే వాసన, సన్నని పొగ. నీలి లిట్మస్ కాగితానికి చుక్క తాకించగా ఎర్రబడింది. అది బాత్‌రూమ్ కడిగే యాసిడ్. ఆమ్లమని తెలిసింది కనుక మేము కక్కించలేదు, గొట్టం వేసి కడుపు కడగలేదు. కానీ హాస్టల్‌లోనే ఉప్పునీళ్ళు తాగించి కక్కించారని తర్వాత చెప్పారు. పైకి వచ్చేటప్పుడు అన్నవాహిక రెండోసారి కాలింది. ఆ అబ్బాయి మళ్ళీ అన్నం ముద్ద మింగడానికి నెలలు పట్టింది.

అన్నీ ఇంత తేలికగా తెలియవు. ఫినాయిల్ నీళ్ళలో వేస్తే పాలలా తెల్లబడుతుంది. చాలా పురుగుమందులూ అలాగే తెల్లబడతాయి. వాటిలో కలిపే ద్రావకం వల్ల కిరోసిన్‌లాంటి వాసన కూడా వస్తుంది. అందుకే ఒక్క లక్షణాన్ని నమ్మము, రోగిని కూడా చూస్తాము. కంటిపాప సూదిమొనంత అయి, నోట చొంగ, ఒళ్ళంతా చెమట ఉంటే పురుగుమందేనని అనుమానించి డాక్టరుగారు అట్రోపిన్ మొదలుపెడతారు. కిరోసినైతే దగ్గు, ఆయాసం ముందు కనిపిస్తాయి. పారాక్వాట్ అనే గడ్డిమందుకు గుర్తు తెలియాలని తయారీలోనే రంగు, దుర్వాసన కలుపుతారు. అది తాగినవారి మూత్రంలో సోడియం డైథయొనైట్, క్షారం కలిపితే నీలిరంగు వస్తుంది.

తలకు వేసే నల్లరంగు మన రాష్ట్రాలలో ఎందరినో బలిగొంది. గంటల్లో ముఖం, మెడ వాచి ఊపిరి ఆడదు, మూత్రం కషాయంలా నల్లబడుతుంది. మూత్రపిండాలు దెబ్బతింటే డయాలసిస్ కోసం పంజగుట్ట నిమ్స్ వంటి పెద్దాసుపత్రికి వెళ్ళవలసిందే.

రంగూ వాసనా ఏమీ చెప్పని సందర్భాలూ ఉన్నాయి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాదిమంది ఫిట్స్‌తో పడిపోయినప్పుడు, రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ యంత్రాలే చెప్పాయి.

ఇంట్లో ఎవరైనా ఇలా తాగితే 108కి ఫోన్ చేయండి. కక్కించకండి. సీసా, మూత, లేబులు, మిగిలిన ద్రవం ఉన్నవి ఉన్నట్లు కవరులో పెట్టి తీసుకురండి. అదేమిటో తెలుసుకోవాలని మీరు నాలుకకు తగిలించవద్దు, ముక్కు దగ్గర పెట్టవద్దు. ఒలికిన యాసిడ్ మీద బ్లీచింగ్ పౌడర్ మాత్రం చల్లకండి, క్లోరిన్ వాయువు లేస్తుంది.