సిమెంటు సీమకు చల్లని శ్లాబు

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట నుంచి సిమెంటు ఊరూరికీ వెళ్తుంది. ఆ సిమెంటుతో కట్టిన డాబాలే మే నెలలో కొలిమిలా కాగుతాయి. శ్లాబు వేడి తగ్గాలన్నా, పదికాలాలు నిలవాలన్నా కిటుకు ఒక్కటే: కాంక్రీటులోని కంటికి కనిపించని రంధ్రాలు.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మీద గరికపాడు దాటగానే సిమెంటు నేల మొదలవుతుంది. జయంతిపురంలో రాంకో, ముక్త్యాలలో కేసీపీ కర్మాగారాలు ఈ ప్రాంతపు సున్నపురాయిని నమ్ముకునే వెలిశాయి. ఆ రాయి ఎంతకాలం నిలుస్తుందో చెప్పే సాక్ష్యమూ ఇక్కడే దొరికింది. 1882లో జేమ్స్ బర్జెస్ జగ్గయ్యపేట బౌద్ధ స్తూపాన్ని తవ్వించినప్పుడు బయటపడిన ఫలకాలు సున్నపురాయివే. వాటిలో ఒకటైన మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. సుమారు రెండు వేల ఏళ్ల నాటి ఉలి గీతలు ఈనాటికీ చెరగలేదు. సున్నపురాయినే మట్టితో కలిపి, 1,450 డిగ్రీల దగ్గర కాల్చి, సిమెంటు చేసి పోసిన శ్లాబు మాత్రం చాలా ఇళ్లలో ఒక తరం గడవకముందే పెచ్చులూడుతోంది.

తుప్పుకు దారి ఇచ్చేది ఎవరు?

కాంక్రీటు పైకి గట్టిగా కనిపిస్తుంది కానీ, లోపల సన్నని దారులెన్నో ఉంటాయి. సిమెంటు గట్టిపడటానికి కావలసిన దానికంటే ఎక్కువ నీళ్లు పోస్తే, మిగిలిన నీరు ఆరిపోయి ఆ చోటు ఖాళీగా ఉండిపోతుంది. ఆ ఖాళీల గుండానే చెమ్మ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలి ఇనుప ఊచల దాకా చేరతాయి. ఊచకు పట్టిన తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అది లోపలి నుంచి నెడితే పైనున్న కాంక్రీటు పగులుతుంది.

నానో సిలికా పని ఇక్కడే. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. సిమెంటు రేణువులను మైక్రోమీటర్లలో కొలుస్తాం. నానో సిలికా రేణువులు అంతకన్నా వందల రెట్లు చిన్నవి. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు కొంత సున్నం బలమివ్వకుండా మిగిలిపోతుంది. నానో సిలికా ఆ సున్నంతో కలిసి, సిమెంటుకు బలాన్నిచ్చే కాల్షియం సిలికేట్ జిగురునే మరికొంత తయారుచేస్తుంది. ఆ జిగురు సన్నని దారులను పూడుస్తుంది. సాధారణంగా సిమెంటు బరువులో ఒకటి నుంచి మూడు శాతం చాలు. ఎక్కువైతే రేణువులు ఉండ కట్టి, ఉన్న బలాన్నీ చెడగొడతాయి.

వేడిని ఆపే రంధ్రాలు

మన్నికకు రంధ్రాలు మూయాలి. వేడి ఆగాలంటే రంధ్రాలు కావాలి, ఎందుకంటే నిశ్చలంగా ఉన్న గాలికి మించిన సులువైన అడ్డు లేదు. ఈ రెండు కోరికలూ ఎదురెదురుగా నిలుస్తాయి. నానో విజ్ఞానం వాటిని కలిపే దారి చూపింది.

1931లో అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ కిస్లర్ ఎయిరోజెల్ అనే పదార్థాన్ని తయారు చేశాడు. అందులో చాలా భాగం గాలే. రంధ్రాలు ఎంత చిన్నవంటే, గాలి అణువులు ఒకదాన్నొకటి ఢీకొట్టి వేడిని అందించేలోపే రంధ్రపు గోడకు తగులుతాయి. అందుకే మామూలు శ్లాబుతో పోలిస్తే ఎయిరోజెల్ గుండా వేడి సుమారు నూరో వంతే ప్రవహిస్తుంది. స్విట్జర్లాండ్‌లోని ఎంపా పరిశోధన సంస్థ దీన్ని గోడ ప్లాస్టరింగులో కలిపి చూపించింది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం సిలికా ఎయిరోజెల్ షీట్లను రూపొందించింది. కాంక్రీటులోనే కలిపితే ఎయిరోజెల్ బలం తగ్గిస్తుంది. కాబట్టి బరువు మోసే శ్లాబును నానో సిలికాతో బిగించి, దాని పైభాగాన ఎయిరోజెల్ పొర వేయడమే సరైన పని విభజన. ఎండ శ్లాబుకు చేరకముందే ఆగాలి. కింద సీలింగ్ వేస్తే అప్పటికే శ్లాబు కాగి ఉంటుంది.

ఎండాకాలం వాతావరణ కేంద్రం ఇచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రతల పట్టికలో నందిగామ పేరు తరచుగా కనిపిస్తుంది. పగలంతా పీల్చిన వేడిని శ్లాబు రాత్రంతా వదులుతూనే ఉంటుంది. ఏసీ పెట్టుకోలేని ఇంట్లో పసిపిల్లలు, ముసలివాళ్లు దాని కిందే పడుకోవాలి. కాబట్టి శ్లాబు వేడి ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

ముడిసరుకు మన మిల్లుల్లోనే

నానో సిలికా, ఎయిరోజెల్ ఖరీదైనవే. అయితే సిలికా వనరు మన చేతికి దూరంగా లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండే వరి ధాన్యంలో సుమారు ఐదో వంతు ఊక. ఆ ఊకను దాదాపు 700 డిగ్రీలు దాటకుండా అదుపులో కాలిస్తే వచ్చే బూడిదలో తొంభై శాతం దాకా చురుకైన సిలికా ఉంటుంది. వేడి మితిమీరితే సిలికా స్ఫటికంగా మారి చురుకుదనం పోతుంది. ఈ బూడిదను శుద్ధి చేస్తే నానో సిలికా వస్తుందని ప్రయోగశాలలు నిరూపించాయి.

మిగతా పని ఇక్కడి వాళ్లకు కొత్తదేమీ కాదు. విశాఖపట్నంలోని ఇన్‌స్వారెబ్ సంస్థ నుంచి భానుమతీదాస్, కాళిదాస్ బొగ్గు బూడిద, సున్నం, జిప్సంతో ఫాల్‌జీ ఇటుకను తెచ్చారు. కొలిమి అక్కర్లేని ఆ విద్య చిన్న ఇటుకల యూనిట్లకు చేరింది. ఇబ్రహీంపట్నం విద్యుత్ కేంద్రం బూడిద ఇప్పటికీ ఇటుకలకు వెళ్తోంది. నానో విద్యకూ ఇదే బాట కావాలి.

ముందు నీళ్లు పట్టాలి

ఏ నానో పదార్థమూ మేస్త్రీ నిర్లక్ష్యాన్ని పూడ్చలేదు. ఎండలో పోసిన కాంక్రీటును కనీసం పది రోజులు తడిపి ఉంచాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. శ్లాబు ఊచ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని కూడా చెబుతోంది. ఇవి పాటించని ఇంటికి నానో దండగ. పొడి సిలికా ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం కాబట్టి, కూలీలకు దాన్ని నీళ్లలో కలిపిన ద్రవంగానే అందించాలి. పైసలు తక్కువున్న ఇంటికి తెల్ల సున్నం పూత ఈ రోజే చేయదగిన పని. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ (చల్లని పైకప్పు) విధానం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ దారిలో గట్టిగా నడవాలి.

సిమెంటు కంపెనీలకు ప్రయోగశాలలున్నాయి. కంచికచర్ల దారిలో ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి. ఈ రెండూ కలిసి ఈ మెట్టలో ఒక అంగన్‌వాడీ శ్లాబును నానో సిలికాతో వేసి, మీద ఎయిరోజెల్ పొర పరచాలి. పక్కనే మామూలు శ్లాబు ఉంచి, మూడు వేసవుల పాటు రెండింటి కిందా వేడినీ, చెమ్మనూ కొలిచి ఆ లెక్కలు ప్రజల ముందు పెట్టాలి. సున్నపురాయి ఇచ్చిన నేలకు మంచి శ్లాబు మొదట దక్కడమే న్యాయం.