కుక్కకు గుండు కొట్టకుండ్రి తమ్మీ

ఎండలు ముదిరినయంటే మా వర్ధన్నపేటల పామేరియన్ కుక్కలకు గుండ్లు మొదలైతయి. "ఇల్లంత బొచ్చేనే అన్నా, పాపం దానికి ఉడుకపోస్తాంది" అని మిషన్ పెట్టి నున్నగ గీకిపిస్తాండ్రు. కురుమోళ్లు గొర్లకు బొచ్చు కత్తిరిచ్చుడు చూసి పెరిగినోళ్లం, ఇదీ అసొంటిదే అనుకుంటం. కాదు. గొర్రె ఉన్ని దానంతటది ఊడదు, పెరుగుతనే ఉంటది, అందుకే కత్తిరియ్యాలె. కుక్క బొచ్చు టైమొస్తె అదే రాలుతది.

పామేరియన్ అని మనం పిలిచేటియి చానావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. వీటికి, జర్మన్ షెపర్డ్‌కు, లాబ్రడార్‌కు, హస్కీకి బొచ్చు రెండు వరుసలుంటది. లోపల దూదసొంటి మెత్తటి నూగు, పైన బిరుసు బొచ్చు. పొద్దు పొడుగైనా కొద్ది లోపలి నూగు కుచ్చులు కుచ్చులు ఊడుతది. పైబొచ్చు ఎండ తోలుకు తాకకుంట గొడుగు లెక్క కాస్తది. కుక్కకు మనలెక్క ఒళ్లంత చెమట పట్టదు, నాలుక బయటవెట్టి రొప్పుడుతోనే సల్లవడ్తది. గుండు కొడ్తె సల్లదనమేమో గనీ తోలు కమిలిపోతది. స్పిట్జ్‌లకైతె ఒక్కోసారి బొచ్చు మళ్ల సక్కగ రానే రాదు, అక్కడక్కడ బోడిగనే ఉంటది.

మరేం జెయ్యాలె? దువ్వాలె, అంతే. ఊడే రోజులల్ల దినాం పది నిమిషాలు, ఇనుప పండ్ల దువ్వెనతోని, తోలు గీసుకపోకుంట. చెవుల ఎన్క, తొడల ఎన్క, తోక కింద ఎక్కువ జడలు గడ్తది, ఆడ ఓపికవట్టాలె. స్నానానికి ముందుగాలనే దువ్వాలె, జడలు తడిస్తె ఇంక బిగుసుకుంటయి. మనం పెట్టుకునే షాంపూ దానికొద్దు. దువ్వుకుంట గోమార్లున్నయేమో కూడ సూడుండ్రి. మా అమ్మ ఆ ఊడిన నూగు జూసి "దిండు కుట్టొచ్చురా" అంటది, అంతొస్తది మరి.

బొచ్చు అంతట పల్చగైతె భయం లేదు. ఒక్కకాడ గుండ్రంగ ఊడి, ఎర్రగయ్యి, గోక్కుంటాంటె అది గజ్జో ఇంకోటో, పశువుల దవాఖానకు తీస్కపోవాలె.

ఇంకో మాట. రీల్స్ జూసి హస్కీ కొందామనుకునేటోళ్లు జర ఆగుండ్రి. అది సైబీరియా మంచుల బండ్లు గుంజిన జాతి. మన మే నెల ఎండ 42, 43 దాటుతది. దినమంత కూలర్ కింద ఉంచే స్తోమత లేకుంటె మన ఊరకుక్క పిల్లనే తెచ్చుకోండ్రి. దాని బొచ్చు పొట్టిగుంటది, ఈ ఎండకు అలవాటువడ్డ పానం.