గుడికి పోయే ముందు

ఆదివారం ఉదయం క్రైస్తవుల యిళ్లలో హడావుడి ఇంతా అంతా కాదు. పిల్లల తలలు దువ్వాలి, ఇస్త్రీ బట్టలు వెదకాలి, కానుకకు చిల్లర చూసుకోవాలి. మనస్సు సంగతి మాత్రం గుడిలో కూర్చున్నాక చూసుకోవచ్చులే అనుకుంటాము.

ఆరాధన క్రమాన్ని కూర్చిన పెద్దలు ఈ బలహీనత ఎరిగినవారే. ఇంగ్లండు సంఘపు ప్రార్థన పుస్తకం 1549లో వెలువడినప్పుడు ఉదయ ప్రార్థన ప్రభువు ప్రార్థనతోనే ఆరంభమయ్యేది. 1552లో దానికి ముందు అందరూ కలిసి పలికే పాపపు ఒప్పుకోలును చేర్చారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంవారి ప్రభురాత్రి భోజన క్రమంలో కూడా మొదటి భాగం సిద్ధపాటే.

అయితే అందరితో కలిసి పలకడంలో ఒక సౌకర్యం ఉన్నది. లెక్కలు వ్రాసే గుమాస్తాలకు 'ఇతర ఖర్చులు' అనే పద్దు తెలుసు. పేరు చెప్పడానికి మొగమాటమైనవన్నీ అందులో దూరిపోతాయి. మా పాపములు అని నలుగురితో గొంతు కలిపినప్పుడు మన పాపం కూడా ఆ పద్దులోనే చేరిపోతుంది.

దావీదుకు ఆ సౌకర్యం లేకపోయింది. ధనికుడొకడు బీదవాని ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ నాతాను ప్రవక్త చెప్పగా, అటువంటివాడు చావవలసినవాడేనని రాజు మండిపడ్డాడు. ఆ ధనికుడు తానేనని ప్రవక్త మొగం మీద చెప్పినప్పుడు సాకు వెదకలేదు. 51వ కీర్తన ఆ సందర్భంలోనిదని దాని శీర్షికే చెబుతున్నది. మన తెలుగులో ఆ వేదనను పాటకట్టినవారిలో పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) ముఖ్యులు. ఆయన 1833లో బాప్తిస్మం పొందినది కటకంలో అన్న సంగతి ఒడిశాలోని మనవారికి సంతోషం కలిగిస్తుంది.

లూకా సువార్త 18వ అధ్యాయంలోని పరిసయ్యుడు అబద్ధమాడినట్లు ఎక్కడా లేదు. వారానికి రెండు ఉపవాసాలూ, పదియవ వంతు కానుకా నిజమే కావచ్చు. ప్రార్థన మధ్యలో దూరంగా నిలుచున్న సుంకరి వైపు చూశాడు, అక్కడ చెడింది. సుంకరి తన రొమ్ము తప్ప ఇంకెవరి జోలికీ పోలేదు.

అన్నిటికంటె కష్టమైనది మత్తయి 5వ అధ్యాయంలోని మాట. బలిపీఠం దగ్గర కానుక ఉంచబోతూ, సోదరునికి నీ మీద ఏదో ఉన్నదని జ్ఞాపకం వస్తే, కానుక అక్కడే విడిచి ముందు వానితో సమాధానపడి రావాలట. విన్నవారు గలిలయవారు, బలిపీఠమేమో యెరూషలేములో. కాలినడకన కొన్ని దినాల ప్రయాణం! పైగా, మనకు వాని మీద కోపం ఉంటే అనలేదు. వానికి మన మీద ఉంటే అన్నాడు. తప్పు ఎవరిదో తేలేవరకు ఆగుదామంటే అందులో చోటు లేదు.

మన తెలుగు సంఘాలు చిన్నవి. పరాయి భాషల ఊళ్లో పాతిక కుటుంబాలుంటే వాటిలో రెంటికి మాటలుండవు. చీటీ డబ్బో, తప్పిపోయిన సంబంధమో, కమిటీ ఎన్నికో కారణం. ఒకరు ఎడమ బల్ల మీద, ఒకరు కుడి బల్ల మీద. మధ్య నాలుగు బారల దూరం. అది దాటడం గలిలయ ప్రయాణం కన్న కష్టంగా ఉంటుంది. దక్షిణ ఇండియా సంఘ క్రమంలో రొట్టె విరిచే ముందు ఒకరి అరచేతుల మధ్య ఒకరు చెయ్యి ఉంచి సమాధానం అందించుకుంటారు. ఆ ఘడియలో ఎవరి చెయ్యి ఎవరి వైపు పోకుండా తప్పుకుంటున్నదో గుడిలో అందరికీ తెలుసు. పిల్లలకు మరీ తెలుసు.

పోయి అడిగినా అవతలివారు మొగం తిప్పుకుంటే ఏమి చెయ్యాలి? ఈ ప్రశ్న పాతదే. 1662 నాటి ప్రార్థన పుస్తకం దీనికి వివరంగానే జవాబిచ్చింది. పగతో ఉన్న ఇద్దరినీ సమాధానపడేవరకు బల్లకు రానివ్వరాదు. ఒకరు మనసారా క్షమించి, తాను చేసినదానికి పరిహారం చేయడానికి సిద్ధపడి, రెండవవారు మొండికేస్తే, సిద్ధపడినవారిని గురువు చేర్చుకోవాలి, మొండికేసినవారిని కాదు.