పనిచేయలేదన్న మాటకూ అచ్చులో చోటు

ఒక మందు మీద పదిచోట్ల పరీక్షలు జరిగాయనుకుందాం. అయిదింట గుణం కనిపించింది, అయిదింట కనిపించలేదు. గుణం కనిపించినవి అయిదూ జర్నళ్లలో అచ్చయి, మిగిలినవి బీరువాల్లో ఉండిపోతే, ఆ పత్రాలు చదివి మందు రాసే డాక్టరుకు అది తిరుగులేని మందుగానే తోస్తుంది. ఎవరూ అబద్ధం రాయకపోయినా చదివినవాడు మోసపోతాడు. పరిశోధన పత్రాల ప్రచురణలో ఇంతకంటే పెద్ద లోపం లేదని నా అభిప్రాయం. ఫలితం ఎటు వచ్చిందో చూసి పత్రాన్ని తీసుకునే పద్ధతి ఉన్నంతకాలం ఈ లోపం పోదు. అడిగిన ప్రశ్న విలువైనదా, వెతికిన పద్ధతి సరైనదా అన్నవి మాత్రమే చూసి, ఫలితం తెలియకముందే జర్నల్ నిర్ణయం తీసుకోవాలి.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. అమెరికాలో ఒక మందుకు అనుమతి కోరే కంపెనీ తాను జరిపిన పరీక్షల వివరాలను అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఇవ్వాలి. జర్నళ్లకు పంపాలా వద్దా అన్నది మాత్రం కంపెనీ ఇష్టం. ఒకప్పుడు ఎఫ్‌డీఏలోనే సమీక్షకుడిగా పనిచేసిన ఎరిక్ టర్నర్, ఆయన సహచరులు డిప్రెషన్‌కు వాడే 12 మందులకు సంబంధించిన 74 పరీక్షలను తీసుకుని, ఎఫ్‌డీఏ దస్త్రాలను జర్నళ్లతో పోల్చి చూశారు. మందు పనిచేసిందని ఎఫ్‌డీఏ తేల్చినవి 38 ఉంటే అందులో 37 అచ్చయ్యాయి. పనిచేయలేదనో, అనుమానమేననో తేల్చిన 36లో 22 అసలు వెలుగు చూడలేదు. మరో 11 అచ్చయ్యాయి గానీ, చదివితే మందు పనిచేసినట్టే అనిపించేలా. ఉన్నదున్నట్టు చెప్పినవి మూడే. అంటే జర్నళ్లు మాత్రమే చదివినవారికి నూటికి 94 పరీక్షలు గెలిచినట్టు కనిపిస్తే, దస్త్రాల లెక్కలో గెలిచినవి సగానికి కాస్త ఎక్కువ. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ లెక్క వచ్చింది. ఆ మందులు వృథా అని దీని అర్థం కాదు, వాటి బలం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించిందని అర్థం. అయితే మందు మింగే మనిషికి ఆ తేడా చిన్నదేమీ కాదు.

తప్పంతా కంపెనీలదే అనుకుంటే సగమే చూసినట్టు. కొత్త సంగతి కనిపెట్టిన పత్రాన్నే నలుగురూ ఉటంకిస్తారు, జర్నల్ పరపతి ఆ ఉటంకింపుల మీదే నడుస్తుంది, కాబట్టి ఎడిటర్ మొగ్గు అటే. ఈ సంగతి పరిశోధకుడికీ తెలుసు. ఉద్యోగం, ప్రమోషన్ పత్రాల లెక్క మీద ఆధారపడినప్పుడు, అచ్చు కాదని తెలిసిన పత్రం రాయడానికి ఆరు నెలలు ఎందుకు పెడతాడు? నీళ్లు పడిన బోర్ల గురించే మాట్లాడుకుని, పడని బోర్ల సంగతి ఎవరూ ఎత్తని ఊళ్లో, పక్క రైతు మళ్లీ ఆ ఎండు చోటే అప్పు చేసి తవ్విస్తాడు. ఒక ప్రయోగశాలలో విఫలమైన ప్రయోగాన్ని ఆ విషయం తెలియక మరో ప్రయోగశాల మళ్లీ మొదలుపెట్టడం అచ్చం ఇలాంటిదే. అక్కడ ఖర్చయ్యేది ప్రజల డబ్బు, ఒక్కోసారి రోగుల శరీరాలు.

ఏమీ తేలలేదంటే ప్రయోగమే సరిగ్గా చేయలేదేమో, అలాంటివన్నీ అచ్చేస్తే జర్నళ్లు చెత్తతో నిండిపోవా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కొద్దిమంది మీద, బలహీనమైన పద్ధతితో చేసిన పరీక్షలో ఫలితం కనిపించినా అది నమ్మదగినది కాదు, కాబట్టి జల్లెడ పట్టాల్సింది పద్ధతిని. 2013లో కార్టెక్స్ అనే జర్నల్ మొదలుపెట్టిన రిజిస్టర్డ్ రిపోర్ట్ విధానం ఆ పనే చేస్తుంది. ప్రశ్ననూ, పద్ధతినీ, విశ్లేషణ ప్రణాళికనూ ప్రయోగానికి ముందే సమీక్షకులు పరిశీలిస్తారు. లోపాలుంటే అప్పుడే దిద్దిస్తారు, చేయి దాటిపోయాక కాదు. ఒప్పుకున్నాక, చెప్పినట్టు చేస్తే ఫలితం ఏదైనా అచ్చు వేస్తారు. మనస్తత్వ శాస్త్రంలో మామూలు పత్రాలను, ఇలా వచ్చినవాటిని పోల్చిన 2021 నాటి అధ్యయనంలో, అనుకున్నదే నిజమైందన్నవి మామూలు పత్రాల్లో నూటికి 96, వీటిలో 44. ఈ విధానాన్ని ఎంచుకునేవారు మరింత సందేహాస్పదమైన ఊహలనే పరీక్షకు పెడుతుండవచ్చు, కాబట్టి తేడా అంతటికీ ఇదొక్కటే కారణమని అనలేం. అయినా నూటికి 96 ఊహలు నిజమయ్యే శాస్త్రం ఎక్కడుంటుంది?

అనుకోకుండా తారసపడే ఆవిష్కరణల సంగతేమిటన్నది మరో అభ్యంతరం. వాటికి ఈ విధానం అడ్డు కాదు. ముందుగా అనుకోనిది కనబడితే, అది అనుకోకుండా కనబడిందని చెప్పి రాయవచ్చు, ముందే ఊహించినట్టు నటించకూడదంతే. ఆలస్యం మాత్రం నిజమైన ఇబ్బంది. సమీక్ష ముగిసేదాకా ప్రయోగం మొదలుపెట్టలేకపోతే, ఫెలోషిప్ గడువు తరుముతున్న మన పీహెచ్‌డీ విద్యార్థికి కొన్ని నెలలు కూడా భారమే. కానీ ఫలితం రానందుకు మూడేళ్ల పని మూలపడటం అంతకంటే భారం. థీసిస్ సమర్పించే ముందు జర్నల్లో పత్రం అచ్చయి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లో తొలగించింది, కాబట్టి సమీక్ష ఆలస్యమైనా ఆ నిబంధన వల్ల థీసిస్ ఆగదు. పరిశోధన ప్రతిపాదనను విభాగ కమిటీ ముందు పెట్టి ఆమోదం పొందే పద్ధతి మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికే ఉంది. ఆ ప్రతిపాదననే కాస్త వివరంగా రాయించి జర్నల్‌కు పంపిస్తే, విద్యార్థి ప్రయోగానికి కావలసినవి సమకూర్చుకునేలోపే సమీక్ష కొంత ముందుకు సాగుతుంది. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, గైడ్ పూనుకుంటే చాలు.