జేబులోని దండోరా
హెచ్చరికలను నిలుపుకొనుట, అనవసరపు గంటలను ఆపుట

పూర్వము మన పల్లెలలో ముఖ్యమైన వార్త వచ్చినప్పుడు దండోరా వేయించెడివారు. తప్పెట మ్రోగగానే రచ్చబండ మీదివారు మాటలాపి చెవియొగ్గెడివారు. ఇంటిలోనివారు వాకిటికి వచ్చెడివారు. కారణ మొక్కటే. తప్పెట ఊరక మ్రోగదు. మ్రోగినదన్న ఊరందరికి సంబంధించిన మాట ఏదో కలదని అర్థము. దినమునకు నూరుమార్లు తోచినవారెల్ల తప్పెట కొట్టియుండినచో, కాలువకు గండిపడినదని చాటిన నాడు కూడ ఎవరును తలయెత్తి చూచియుండరు.

ఈనాడు ఆ తప్పెట సెల్ ఫోను రూపమున మన జేబులోనికి వచ్చినది. కాని అది దినమునకు నూరుమార్లు మ్రోగుచున్నది. అప్పు ఇచ్చెదమని ఒక సందేశము, ఇంటి స్థలములు కొనుడని మరియొకటి, బహుమతి వచ్చినదని వేరొకటి, వాట్సాప్ గ్రూపులలో శుభోదయములు. ఈ రొద భరింపలేక చాలమంది ఫోను గొంతు పూర్తిగా నొక్కివేసి ప్రక్కన పెట్టుచున్నారు. అప్పుడు వరద హెచ్చరికయు, పిడుగు హెచ్చరికయు ఆ నిశ్శబ్దములోనే కలిసిపోవును. కావున మన పని రెండు విధములు: అక్కరలేని గంటలను ఆపుట, అక్కరగల గంటను తప్పక మ్రోగనిచ్చుట. ఈ రెండును ఖర్చులేని పనులే. పంచాయతీ సభ్యులు ముందు తాము నేర్చి, తమ వార్డులోని వారికి నేర్పదగినవి.

మన ప్రాంతమునకు దీని అవసరము

దువ్వూరు ప్రాంతము నీటి విలువ ఎరిగినది. 1863లో త్రవ్వకము మొదలిడిన కర్నూలు-కడప కాలువ ఈ నేలను మాగాణి చేసినది. కుందూ నది ఈ చుట్టుపట్లనే ప్రవహించి కమలాపురము దాపున పెన్నలో కలియుచున్నది. బ్రదుకునిచ్చు నీరే పైన వానలు దంచినప్పుడు పొలములను, వంకల మీది దారులను ముంచివేయును. ఇంకను వానకాలమే కానక్కరలేదు. పసుపు ఉడికించి ఎండబెట్టిన దినములలో, వడ్లు కల్లములో ఉన్న దినములలో, ఒక్క అకాలపు జల్లు చాలును. ఆరు నెలల కష్టము తడిసిపోవును.

2021 నవంబరు 19వ తేదీన, తెల్లవారుజామున, నాటి కడప జిల్లాలోని రాజంపేట ప్రాంతమున చెయ్యేటికి వచ్చిన వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట మొదలగు గ్రామముల మీదికి నీరు వచ్చిపడినది. పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఇండ్లు, పశువులు, పంటలు కొట్టుకొనిపోయినవి. అట్టి వేళ నీటికిని మనుష్యులకును నడుమ మిగులునది కొన్ని నిమిషములు మాత్రమే. నిద్రలోనున్నవానిని లేపగల హెచ్చరికయే అప్పుడు హెచ్చరిక. ఉదయము ఎనిమిది గంటలకు ఫోను తెరచి చదువుకొను సందేశము వార్త యగును గాని హెచ్చరిక కాదు.

సరిగా ఇదే తేదీన, 1977 నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచినది. సుమారు పదివేలమంది మరణించిరి. నాడు గుడిసెలకు వార్త చేర్చు సాధనములు మిక్కిలి తక్కువ. నేడు సాధనము ఇంటింట ఉన్నది. దానిని సిద్ధముగా ఉంచుకొనుటయే మిగిలిన పని.

ఏ సందేశము ఎవరిది?

సందేశములను ఆపుటకు ముందు వాటిని గుర్తించుట నేర్వవలెను. టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ 2025లో సవరించిన నిబంధనల ప్రకారము, సంస్థలు పంపు సందేశములలో పంపినవారి పేరు చివర ఒక గీతయు, దాని ప్రక్క ఒక ఆంగ్లాక్షరమును ఉండును. 'పి' అన్నచో వ్యాపార ప్రచారము. 'ఎస్' అన్నచో మనము వాడుకొను సేవకు సంబంధించినది. 'టి' అన్నచో బ్యాంకు లావాదేవీ వంటిది. 'జి' అన్నచో ప్రభుత్వము పంపినది. అక్షరజ్ఞానము తక్కువైన వారికి కూడ ఈ నాలుగు గుర్తులను ఒక పూటలో నేర్పవచ్చును.

అట్లే ఫోను కాల్‌లకును గుర్తులు కలవు. 140తో మొదలగు నంబరు ప్రచారమునకై కేటాయింపబడినది. బ్యాంకులు మొదలగు ఆర్థిక సంస్థలు తమ ఖాతాదారులతో సేవల విషయమై మాటలాడుటకు 1600తో మొదలగు నంబర్లు ఇవ్వబడినవి.

వ్యాపార ప్రచారమును ఆపదలచినవారు 1909 నంబరుకు ఆంగ్లాక్షరములలో 'స్టార్ట్ 0' అని సందేశము పంపవలెను. లేదా అదే నంబరుకు ఫోను చేసి చెప్పవలెను. అప్పుడు అన్ని రకముల ప్రచార సందేశములును నిలుపబడును. అన్నియు వద్దనక కొన్నింటినే ఆపదలచినవారికి ఆ వీలును కలదు. బ్యాంకులు-భీమా, ఇండ్లు-స్థలములు, విద్య, ఆరోగ్యము మున్నగు తరగతులుగా ప్రచారము విభజింపబడియున్నది. తనకు పనికివచ్చు తరగతిని ఉంచుకొని తక్కినవి ఆపుకొనవచ్చును.

ఇచ్చట చాలమందికి ఒక భయము కలదు. ఇట్లు ఆపినచో బ్యాంకు నుండి వచ్చు ఓటీపీలు, ప్రభుత్వ సమాచారము కూడ ఆగిపోవునేమో యని. ఆగవు. ఈ ఏర్పాటు ప్రచారమునకే వర్తించును. ఆపిన పిమ్మట కూడ ప్రచారము వచ్చినచో, ఏడు దినములలోగా 1909కే ఫిర్యాదు చేయవచ్చును.

ఫోను లోపలి గంటలు

రొదలో సగము ఈ విధముగా తగ్గును. మిగిలిన సగము ఫోనులో మనమే చేర్చుకొన్న యాప్‌లది. ఫోను సెట్టింగులలో 'నోటిఫికేషన్లు' అను భాగమును తెరచినచో ప్రతి యాప్ ఎదుటను ఒక మీట కనబడును. ఆటల యాప్‌లు, అంగళ్ల యాప్‌లు, వీడియోల యాప్‌లు గంట కొట్టవలసిన అగత్యము లేదు. వాటి మీటను ఆపివేయవలెను. యాప్ పోదు, గంట మాత్రమే ఆగును. వాట్సాప్ గ్రూపులను విడిచిపోనక్కరలేదు. 'మ్యూట్' చేసినచో గ్రూపు ఉండును, రొద ఉండదు.

రాత్రివేళ ఫోనును నిశ్శబ్దముగా ఉంచువారు ఒక మినహాయింపును తప్పక పెట్టుకొనవలెను. 'డు నాట్ డిస్టర్బ్' అను ఏర్పాటులో, కొందరి నంబర్లు మాత్రము మ్రోగునట్లు ఎంపిక చేసికొనవచ్చును. ఇంటివారి నంబర్లతో పాటు పంచాయతీ కార్యదర్శి, వి.ఆర్.ఓ., మండల కార్యాలయము నంబర్లను అందు చేర్చవలెను.

ఆపకూడని గంట

ఇక నిలుపుకొనవలసిన వానిలో మొదటిది సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరిక. సాధారణ సందేశము ఒక్కొక్క నంబరునకు వేరువేరుగా పంపబడును. లక్షమందికి పంపవలెనన్న ఆలస్యమగును. సెల్ బ్రాడ్‌కాస్ట్ అట్లు కాదు. టవరు తన పరిధిలోనున్న ఫోనులన్నింటికి ఒక్కమారే చాటును. ఎవరి నంబరును దానికి తెలియనక్కరలేదు. ఇది మన దండోరా వంటిదే. వీధిలోనున్న వారందరికి వినబడును, ఎవరి పేరును పిలువదు. జపానులో 2007 నుండి, నెదర్లాండ్స్‌లో 2012 నుండి ఇట్టి పద్ధతి వాడుకలో ఉన్నది. మన దేశమున 2023లో పెద్ద ధ్వనితో పరీక్షా సందేశములు ఫోనులకు వచ్చుట చాలమందికి జ్ఞాపకముండును. ఆనాడు ఉలికిపడి కొందరు ఆ గంటను శాశ్వతముగా ఆపివేసిరి. అట్టివారు దానిని మరల తెరువవలెను. ఫోను సెట్టింగులలో 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ' అను భాగమున 'వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్' అను పేరుతో అది ఉండును. ఫోను రకమును బట్టి స్థానము కొంత మారవచ్చును.

రెండవది 'సచేత్' యాప్. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ కొరకు సీ-డాట్ దీనిని రూపొందించినది. వాతావరణ శాఖ, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ వంటి వారు ఇచ్చు హెచ్చరికలు ఒకే చోట ఇందు లభించును. మన ప్రాంతమును ఎంపిక చేసికొనవలెను. ఎక్కడెక్కడి హెచ్చరికలో వచ్చినచో అదియు రొదయే యగును.

మూడవది 'దామిని'. పూణేలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ దీనిని తయారుచేసినది. మనము ఉన్న చోటికి 20 కిలోమీటర్ల లోపల, 40 కిలోమీటర్ల లోపల పిడుగుల జాడ ఎట్లున్నదో ఇది తెలుపును. ఇది పనిచేయవలెనన్న 'లొకేషన్'కు అనుమతి ఇవ్వవలెను. గంట మ్రోగినప్పుడు పొలములోనివారు చెట్టుక్రిందికి పోరాదు. పక్కా ఇంటిలోనికి చేరవలెను. చివరి ఉరుము వినబడిన పిమ్మట 30 నిమిషముల వరకు బయటికి రారాదు.

నాలుగవది 'మేఘదూత్'. 2019లో ప్రారంభమైన ఈ యాప్ ద్వారా వ్యవసాయ సలహాలు మంగళ, శుక్రవారములలో వెలువడును. పసుపు ఆరబోయుట, మందు చల్లుట, కోత కోయుట వంటి పనులకు ముందు దీనిని చూచుట మేలు.

రంగుల భాష

వాతావరణ శాఖ హెచ్చరికలకు నాలుగు రంగులు కలవు. ఆకుపచ్చ అన్నచో చేయవలసినది ఏమియు లేదు. పసుపు అన్నచో గమనించుచుండవలెను. నారింజ అన్నచో సిద్ధపడవలెను. ఎరుపు అన్నచో వెంటనే పనికి పూనుకొనవలెను.

ఒక దినమున 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వరకు కురిసినది భారీ వర్షము. 115.6 నుండి 204.4 వరకు అతి భారీ వర్షము. అంతకు మించినది అత్యంత భారీ వర్షము. ఈ అంకెలు కాగితము మీద చిన్నవిగా తోచును. కాని ఒక ఎకరము మీద ఒక్క మిల్లీమీటరు వాన కురిసినచో సుమారు 4,000 లీటర్ల నీరు పడినట్లు. 100 మిల్లీమీటర్లన్న ఎకరమునకు నాలుగు లక్షల లీటర్లు. ఎగువనున్న వేల ఎకరముల మీద అట్లు కురిసినప్పుడు ఆ నీరు ఏ వంకలోనికి వచ్చునో మనకు తెలియనిది కాదు.

పంచాయతీ చేయవలసినది

ఫోను ఎంత మంచిదైనను దానికి పరిమితులు కలవు. ఛార్జింగు లేని ఫోను మ్రోగదు. గాలివానకు టవరు ఆగినచో ఏ హెచ్చరికయు రాదు. ఒంటరిగానున్న వృద్ధులకు, చెవి వినబడనివారికి, ఫోనును పొలము గట్టున మరచినవారికి సందేశము అందకపోవచ్చును. కావున ఫోను నుండి వాకిలి వరకు వార్తను చేర్చు బాధ్యత ఊరే వహింపవలెను. ఇందుకు క్రింది ఏర్పాట్లు తగినవి.

ఒకటి: ప్రతి వార్డునకు ఇద్దరిని హెచ్చరికల బాధ్యులుగా నియమింపవలెను. వారిలో ఒకరు స్త్రీ అగుట మంచిది. వారి ఫోనులలో పై ఏర్పాట్లన్నియు చేసి సరిచూడవలెను. వాన దినములలో రాత్రి ఫోను ఛార్జింగుతో, ధ్వనితో ఉండవలెను.

రెండు: హెచ్చరికలకే ప్రత్యేకముగా ఒక వాట్సాప్ గ్రూపును ఏర్పరచవలెను. 'అడ్మిన్లు మాత్రమే' సందేశము పంపునట్లు దానిని కట్టడి చేయవలెను. అందు పండుగ శుభాకాంక్షలు కాని, రాజకీయములు కాని, ఫోటోలు కాని రాకూడదు. అప్పుడే ఆ గంటకు విలువ యుండును.

మూడు: వార్త ధృవపడకుండ ముందుకు పంపరాదు. కట్ట తెగినదన్న పుకారు మూడుమార్లు అబద్ధమైనచో నాలుగవమారు నిజమునే నమ్మరు. సందేహమున్నచో రాష్ట్ర విపత్తు కంట్రోలు రూము నంబరు 1070కిని, జిల్లా కంట్రోలు రూము నంబరు 1077కిని ఫోను చేసి తెలిసికొనవలెను. ప్రాణాపాయమున 112.

నాలుగు: నిజమైన హెచ్చరిక ఎన్నడును డబ్బు అడుగదు, ఓటీపీ అడుగదు. పథకము పేరుతోగాని, హెచ్చరిక పేరుతోగాని వాట్సాప్‌లో వచ్చిన 'ఎ.పి.కె.' ఫైలును తెరువరాదు. మోసపోయినవారు ఆలసింపక 1930కి ఫోను చేయవలెను.

ఐదు: ఊరిలోని గుడి, మసీదు, చర్చి మైకులను అవసర సమయమున వాడుకొనుటకు ముందుగానే పెద్దలతో మాటలాడి ఉంచుకొనవలెను. ఫోను లేని ఇండ్ల పట్టికను వార్డు సభ్యుడు వ్రాసి పెట్టుకొనవలెను. ఆ ఇండ్లకు ఎవరు పరుగెత్తవలెనో కూడ ఆ పట్టికలోనే ఉండవలెను.

ఆరు: ఏటేట తుఫానుల కాలమునకు ముందు, సెప్టెంబరులో, ఒకమారు పరీక్షింపవలెను. మధ్యాహ్నము ఒక పరీక్షా సందేశము పంపి, చివరి ఇంటికి వార్త చేరుటకు ఎంతసేపు పట్టినదో గడియారము చూచి వ్రాసికొనవలెను. మరుసటి ఏడు ఆ సమయము తగ్గవలెను.

ఈ పనులకు ప్రత్యేక నిధులు అక్కరలేదు. రాబోవు పంచాయతీ సమావేశమున ఒక గంటసేపు ఈ విషయమునకు కేటాయించి, సభ్యులందరు తమ తమ ఫోనులను ఎదుట పెట్టుకొని సరిచేసికొన్నచో మొదటి అడుగు పడినట్లే. తప్పెట వేసినవాడు అర్ధరాత్రియైనను వీధి చివరి వరకు నడచి చాటి వచ్చెడివాడు. కడపటి గుడిసె విన్నదని తెలిసినగాని అతని పని ముగిసెడిది కాదు. తప్పెట మారినది. ఆ నడక మాత్రము ఇప్పుడు పంచాయతీ వంతు.