పూటకూళ్ళ యిల్లు

ఆసుపత్రి పనిమీదనో, కోర్టు వ్యవహారము మీదనో విశాఖపట్టణమునకు రానివారు మీలో అరుదుగా నుందురు. వచ్చినవారికి మధ్యాహ్నమగుసరికి ఒక చింత కలుగును. రొంటిన దోపుకొని తెచ్చిన సొమ్ము చెడకుండ, కడుపునిండ అన్నము ఎచ్చట దొరకును? ఈ పూట ఆ సంగతినే ముచ్చటింపదలచితిని.

పూట యనగా భోజనవేళ. కూడనగా అన్నము, దాని బహువచనమే కూళ్ళు. పూటకింత యని వెల పుచ్చుకొని అన్నము పెట్టునది పూటకూళ్ళ యిల్లు. సత్రమున అన్నము ఊరకే దొరకును గాని, అచ్చట మారు అడుగుటకు నోరు రాదు. ఇచ్చట వెల యిచ్చినవాడు తలయెత్తి అడుగును. భేదమంతయు ఇందే యున్నది.

ఈ యేర్పాటు మనకు క్రొత్త కాదు. క్రీడాభిరామమున ఓరుగల్లులోని యొక పూటకూటియింట ఒక్క రూకకు దొరకిన భోజనము వర్ణింపబడియున్నది. సన్నన్నము, పెసరపప్పు, అప్పుడు కాచిన ఆవునేయి, గోధుమపిండివంట, అరటిపండ్లు! 1897లో అచ్చయిన గురజాడవారి కన్యాశుల్కములో పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగువాడు లేడు.

విశాఖ రేవు 1933లో తెరువబడెను. తరువాత ఓడలు కట్టు కర్మాగారము వచ్చినది. అచ్చట కట్టిన జల ఉష యను నోడ 1948లో నీట దిగెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. పనికై పల్లెలు విడిచి వచ్చినవారికి బండచాకిరి యున్నది గాని, ఇంట వండి పెట్టువారు లేరు. అట్టివారి ఆకలియే ఈ యిండ్లను నిలిపినది.

మొన్న నేను పూర్ణా మార్కెటు దాపున ఒక సందులో అట్టి యింటికి పోయితిని. ఆలుమగలు ఇద్దరే నడుపుచున్నారు. నాలుగు బల్లలు, అరటియాకులు, ఎనుబది రూపాయల వెల. ముద్దపప్పు, ఆవపెట్టిన అరటికాయకూర, గోంగూరపచ్చడి, గుమ్మడికాయ పులుసు, చారు, మజ్జిగ వడ్డించిరి. ముద్దపప్పును చూడగా నాకు మొరాకో దేశము జ్ఞప్తికి వచ్చినది. మన ఎరువులకు కావలసిన భాస్వరపురాయిని పంపు దేశములలో అది యొకటి. అచ్చటి కష్టజీవులు ఎండుచిక్కుడు జాతి గింజలను మెత్తగా ఉడికించి, జీలకఱ్ఱపొడియు ఆలివునూనెయు పైనవేసి, రొట్టెతో తిందురు. దానిని బిస్సారా యందురు. పేదవాని కడుపు నింపుటకు పప్పుగింజను మించినది వారికిని దొరకలేదు కాబోలు.

నా ప్రక్కను ఒక హమాలీ కూర్చుండెను. అన్నము మూడుమారులు వేయించుకొనెను. నాలుగవమారు అతడు అడుగకమునుపే ఆ యిల్లాలు తెచ్చి వేసినది. నేను రెండవమారే చాలునంటిని. వెల యిచ్చుచుండగా ఆమె నవ్వి, "మేస్టారూ, మీరు తిన్నదానికి డబ్బు పుచ్చుకోడానికి నాకే సిగ్గేస్తోంది" అనెను.

ఆ మాటలోనే ఈ వ్యాపారపు కిటుకు తెలిసినది. అందరికిని వెల యొక్కటే. ఆకలి మాత్రము ఒక్కటి కాదు. నావంటి ముసలివాడు తినక విడిచినది హమాలీకి నాలుగవ వడ్డనగా పోవుచున్నది. నేను దానమిచ్చినట్లు నాకు తెలియదు, పుచ్చుకొన్నట్లు అతనికి తెలియదు. తక్కిన పొదుపులు చెప్పించుకొని వింటిని. ఉదయపు బేరములు తగ్గిన పిదప కూరలు కొనుట, ఆనాడు చౌకగా నున్నదే వండుట, జీతగాండ్రను పెట్టుకొనక తామే అంట్లు తోముకొనుట. ప్రభుత్వము 2018లో తెరచి, 2019లో మూసి, 2024లో మరల తెరచిన అన్న క్యాంటీనులలో అయిదు రూపాయలకే భోజనము దొరకును. మంచిదే. కాని అచ్చట కొలత నిర్ణీతము. లోటును ప్రభుత్వము భరించును. ఈ యిల్లాలికి లోటు భరించువారెవరు?

ఇంకొక సంగతి. మా తండ్రిగారి కాలమున భోజనశాలలలో బ్రాహ్మణులకు వేరు గది యుండెడిది. కొందరికి వాకిలియే దాటరానిది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు పదునైదవ అధికరణము ఆ యడ్డును తొలగించినది. సంప్రదాయపు చదువు చదివిన నేను ఆనాడు ఆ హమాలీ సరసను కూర్చుండి తింటిని. అతడే నాకు మంచినీళ్ళు అందించెను.

ఇప్పుడు పట్టణమున ప్లేటు భోజనమను పద్ధతి ప్రబలుచున్నది. గిన్నెడన్నము కొలిచి పెట్టి, పైన కావలెనన్న మరల వెల యడుగుదురు. ఒకచోట నేనే ఇరువది రూపాయలు అదనముగా ఇచ్చుకొంటిని. అల్పాహారులమగు మాకు ఆ పద్ధతి నష్టము కాదు. బరువులు మోసి వచ్చినవాడు మాత్రము సగము కడుపుతో లేచిపోవును. అందుచేత పట్టణమునకు వచ్చినపుడు "మారు అన్నమునకు వేరే వెల యున్నదా?" యని ముందుగా అడిగి మరీ కూర్చుండుడు. ఒంటిగంటకు లోపలనే పొండు. రెండు దాటినచో చారు తప్ప మరేమియు మిగులదు.