సంచి వెలెంత? పేరు వెలెంత?

పెద్దపంజాణి: సంక్రాంతికి బెంగుళూరు నుంచి వచ్చిన కూతురు భుజానికి తగిలించుకొచ్చిన గోధుమరంగు తోలుసంచి, పెద్దపంజాణి మండలంలోని ఒక రైతు ఇంట్లో నాలుగు రోజులు పంచాయితీ పెట్టించింది. సంచి జానెడు పొడవు, జానెడు ఎత్తు. ఒక టెంకాయ పెడితే రెండో టెంకాయకు చోటుండదు. ధర మాత్రం 38 వేల రూపాయలు.

"ముప్పై ఎనిమిది నూర్లా?" అని అడిగింది తల్లి. నూర్లు కాదు, వేలే అని తేలేసరికి ఆమె చేతిలోని చాట కింద పెట్టేసింది. "సంతలో చూలుపెయ్య వస్తాది కదమే దానికి!" అంది. అవ్వ సంచి తెరిచి లోపలికి తొంగి చూసింది. "దీంట్లో ఏం పెడతావు మే?" అని అడిగింది. ఫోను, బీగంచెవులు, కొంచెం డబ్బు అని మనుమరాలి జవాబు. "అవి నా వక్కాకు సంచిలో కూడా పడతాయే" అని అవ్వ తేల్చేసింది.

నవ్వుకుని వదిలేయడానికి ఇది నవ్వులాట కాదు. ఆ అమ్మాయి ఆరేళ్లుగా బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. జీతంలో సగం ఇంటికే పంపుతోంది. తమ్ముడి ఇంజనీరింగు ఫీజు కట్టిందీ ఆమే, టమోటా ధర పడిపోయిన ఏడు ఎరువుల బాకీ తీర్చిందీ ఆమే. తనకోసం అంటూ కొనుక్కున్న మొదటి ఖరీదైన వస్తువు ఈ సంచి. అదీ 12 నెలల కంతుల మీద. వాడకుండా బిల్లుతో సహా 15 రోజుల్లో తెచ్చిస్తే వాపసు తీసుకుంటామని అంగడివాళ్లు చెప్పారు. ఉంచుకోవాలా, ఇచ్చేయాలా అన్నదే తగవు.

మనవాళ్లకు వెల కట్టడం రాదని ఎవరూ అనుకోనక్కరలేదు. ఆవును కొనేటప్పుడు పళ్లు చూస్తారు, పొదుగు నిమిరి చూస్తారు, రెండు పూటలా పాలు పిండి చూస్తారు. పట్టుపురుగులు పెంచే ఈ ప్రాంతంలో పట్టుచీర సంగతి చెప్పేదేముంది? పోగు తీసి కాల్చి, వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడిగా రాలితేనే అది పట్టు అంటారు. ఆ పరీక్ష తెలియనివాళ్ల కోసం 2004 నుంచి సిల్క్ మార్క్ చీటీ కూడా వచ్చింది. బంగారు నగకు హాల్‌మార్క్ ముద్ర 2021 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. తోలుసంచికి అలాంటి తప్పనిసరి ముద్ర ఏదీ లేదు. కొనేవాడి కన్నే దానికి ముద్ర.

అందుకే మూడో రోజున తల్లీకూతుళ్లు సంచిని పలమనేరు తీసుకుపోయి, బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపించారు. ఆయన ముందు ధర అడగలేదు. బొటనవేలితో నొక్కి చూశాడు. వేలి చుట్టూ సన్నటి ముడతలు పడి, వేలు తీయగానే సర్దుకున్నాయి. రెక్సిన్ అయితే గుంట పడుతుందే గానీ అలా ముడత పడదట. అంచు దగ్గర రంగు పూయని చోటు వెతికి చూశాడు. అసలు తోలు అంచు నార నారగా ఉంటుంది. రెక్సిన్‌కు గుడ్డ మీద పొర అతికించినట్టు కనబడుతుంది. తర్వాత వాసన చూసి "తోలేనమ్మా, మంచి తోలే" అన్నాడు. లోపలి అస్తరు మాత్రం పాలిస్టరు గుడ్డే అని, జిప్పు ఇత్తడిదని, కుట్టు మిషను కుట్టే అయినా దగ్గర దగ్గరగా పడిందని చెప్పాడు.

తోలు అన్నంత మాత్రాన సరిపోదు. మందమైన తోలును పొరలుగా చీలుస్తారు. వెంట్రుకలు ఉండిన పైపొర గట్టిది, ఏళ్ల తరబడి మన్నుతుంది. కింది పొర మీద రంగుపూత పూసి అమ్మినా దాని మీద కూడా 'జెన్యూన్ లెదర్' అనే అచ్చు వేస్తారు. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. కింది పొర సంచి రెండేళ్లకు పొట్టు రేగితే అడిగే నాథుడుండడు.

తోలు పని మనకు దూరపుదేమీ కాదు. కుప్పం దాటి తమిళనాడులోకి పోతే వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్లు పదును చేయడానికి పేరుపడిన ఊళ్లు. ఒకప్పుడు ఆ పదునుకు వాడింది మన గుట్టల్లో పసుపుపచ్చగా పూసే తంగేడు చెట్టు చెక్క, దానికి తోడు కరక్కాయ. చెక్కనీళ్లలో తోలు వారాల తరబడి ఊరేది. ఇప్పుడు ఎక్కువగా క్రోమియం ఉప్పుతో త్వరగా ముగిస్తున్నారు. మద్రాసు అడయారులో తోలు పరిశోధన సంస్థ 1948లోనే ఏర్పడింది. అయితే కుప్పం ప్రాంతం మీదుగా పారే పాలారు, దిగువన ఈ తోలు ఫ్యాక్టరీల మురుగుతో చెడిపోయిందని పౌరుల సంఘం ఒకటి కోర్టుకెక్కగా 1996లో సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది. ఆ ఖర్చు ఏ సంచి బిల్లులోనూ రాయరు.

సరే, తోలు మంచిదే. మరి 38 వేలు చేస్తుందా? పెద్దాయన లెక్క వేరు. తోలు, జిప్పు, బకిలీలు, కూలి అన్నీ కలిపినా నాలుగైదు వేలు దాటదని, "తక్కిందంతా ఆ పేరుకమ్మా" అని బకిలీ మీద చెక్కిన అక్షరాలు చూపించాడు.

ఆయన మాట వట్టిది కాదనడానికి సముద్రాల అవతలి సాక్ష్యం ఒకటుంది. ఇటలీలో 2024లో డియోర్ సంస్థ అనుబంధ కంపెనీ ఒకటి మిలాన్ కోర్టు విచారణకు వచ్చింది. అంగట్లో 2,600 యూరోలకు, అంటే అప్పటి లెక్కలో రెండు లక్షల ముప్పై వేల రూపాయలకు పైగా అమ్మే సంచిని కుట్టినందుకు బయటి పనివారికి ముట్టింది 53 యూరోలని కాగితాల్లో తేలింది. మన డబ్బులో ఐదువేల లోపే! తోలు ఖర్చు అందులో కలవలేదు, అది వేరే. ఆ కంపెనీ మీద పెట్టిన పర్యవేక్షణను 2025లో కోర్టు ఎత్తివేసింది గానీ, ఆ అంకె మాత్రం లోకం మరిచిపోలేదు.

పేరు వెల ఎక్కడిదాకా పోతుందో చెప్పాలంటే ఫ్రాన్సు దేశపు హెర్మెస్ కంపెనీ బిర్కిన్ సంచి ముచ్చట చెప్పాలి. జేన్ బిర్కిన్ అనే నటి కోసం కుట్టిన మొట్టమొదటి సంచి అది. ఆమె ఏళ్ల తరబడి వాడి, గీతలు పడ్డ ఆ పాత సంచే 2025 జులైలో పారిస్ వేలంలో 86 లక్షల యూరోలు పలికింది. సుమారు 86 కోట్ల రూపాయలు! అలాంటి కొన్ని రకాలు మాత్రమే తిరిగి అమ్మితే డబ్బు తెస్తాయి. మిగతా సంచులు అంగడి గడప దాటగానే పాతవే. ఆవు ఈనుతుంది, బంగారం కుదువకు పనికొస్తుంది, సంచిని మాత్రం ఏ బ్యాంకూ కుదువ పెట్టుకోదు.

పేరుకు వెల కట్టడం పట్నంవాళ్ల జబ్బని మనం అనుకోవడమూ అంత సబబు కాదేమో. పక్కనున్న పుంగనూరు పొట్టి ఆవునే చూడండి. పూటకు శేరో రెండు శేర్లో పాలిచ్చే ఆవు. చిక్కటి పాలే, కాదనం. కానీ లక్షలు పోసి కొనేవారు పాల కోసం కొంటున్నారా? 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు గడ్డి తినిపించిన ఫొటోలు వచ్చాక దాని పేరు మరింత దూరం పాకింది. ఆ పేరు మన ఊరికి డబ్బు తెస్తే సంతోషిస్తాం, పేరున్న సంచి మన డబ్బు తీసుకుపోతే మాత్రం కోపం వస్తుంది.

పలమనేరు నుంచి తిరిగొచ్చే బస్సులో తల్లి మాట కాస్త మెత్తబడింది. "ఉంచుకోలేమే. ఆరేండ్లు మాకే పెడితివి" అంది. అప్పుడు కూతురే ఫోనులో కంతుల లెక్క తీసింది. వడ్డీ, ఇతర ఖర్చులు కలిస్తే 38 వేల సంచి 43 వేలకు వస్తుంది. ఆ సంగతి కొన్న రోజు ఆమె సరిగా చూసుకోలేదు.

పండుగ వెళ్లిన మూడో నాడు ఆమె బెంగుళూరు పోయి, బిల్లుతో సహా సంచిని వాపసు చేసింది. అవ్వ మాటకో, ఆవు కోసమో కాదని ఇంటికి ఫోను చేసి మరీ చెప్పింది. నెలకు మూడు వేలకు పైగా విడిగా దాస్తానని, వచ్చే సంక్రాంతికి ఇదే సంచి కంతు లేకుండా రొక్కంతో కొంటానని అంది. తల్లి సరేనంది. అవ్వ మాత్రం ఫోను లాక్కుని, కొనేదేదో రెండు టెంకాయలు పట్టేదిగా చూసి కొనమని చెప్పింది.